డయాలసిస్ రోగి జీవితాన్ని కొలిచిన తీరు

1960 మార్చిలో అమెరికాలోని సియాటిల్ నగరంలో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే వైద్యుడు రోగి ముంజేతిలోని ధమనినీ సిరనూ కలిపే టెఫ్లాన్ గొట్టాన్ని చేతికే అమర్చి ఉంచడంతో, అంతవరకు తాత్కాలికమైన ఆపదను గట్టెక్కించడానికే పనికివచ్చిన కృత్రిమ మూత్రపిండం, కిడ్నీలు పూర్తిగా చెడినవారిని ఏళ్ల తరబడి బతికించే సాధనమైంది. యంత్రాలు కొద్ది, రోగులు ఎక్కువ కావడం వల్ల 1962లో అక్కడ వెలసిన డయాలసిస్ కేంద్రంలో, ఎవరికి చికిత్స అందాలో తేల్చే పని అధిక సంఖ్యలో వైద్యేతరులే ఉన్న ఒక సంఘం చేతిలో పడింది. ఆ సంఘం రోగి ఉద్యోగాన్నీ, ఆస్తినీ, సంసార బాధ్యతలనూ, చివరకు చర్చికి వెళ్లే అలవాటునూ లెక్కలోకి తీసుకుంది. రోగి జీవితపు విలువను పరులు నిర్ణయించిన ఈ పద్ధతి న్యాయమైనది కాదు. లైఫ్ పత్రిక దానిని వెల్లడించినప్పుడు రేగిన ఆందోళన సహేతుకమైనదే.

1972లో అమెరికా ప్రభుత్వం ఈ చికిత్స ఖర్చును మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా పరిధిలోకి తెచ్చే చట్టం చేయడంతో ఎంపిక సమస్య చాలావరకు తీరింది గాని, ఇంత ప్రజాధనంతో నిలబడిన ప్రాణం ఎలా బతుకుతున్నదన్న ప్రశ్న ముందుకు వచ్చింది. క్యాన్సర్ రోగుల కోసం 1940ల చివర రూపొందిన కార్నోఫ్‌స్కీ కొలమానం అప్పటికే వాడుకలో ఉంది. అందులో 100 అంటే సంపూర్ణ ఆరోగ్యం, 0 అంటే మరణం. ఆ అంకె వేసేది వైద్యుడే కాబట్టి రోగి తన పని తాను చేసుకోగలడా లేదా అన్నది అందులో తెలుస్తుంది గాని, ఒంటి దురదతో నిద్రపట్టని రాత్రి అందులోకి రాదు.

1985లో రోజర్ ఎవాన్స్ బృందం 859 మంది రోగులపై జరిపిన అధ్యయనం, పని చేయగల శక్తితోపాటు జీవితంపై వారికున్న తృప్తిని కూడా విడిగా పరిశీలించి, కిడ్నీ మార్పిడి పొందినవారి స్థితి మెరుగనీ, డయాలసిస్ రోగులలో ఇంటివద్దే చికిత్స చేసుకునేవారు ముందున్నారనీ తేల్చింది.

ర్యాండ్ సంస్థకు చెందిన రాన్ హేస్ బృందం 1994లో ప్రకటించిన కేడీక్యూఓఎల్ అనే ప్రశ్నావళితో రోగి మాటే కొలతకు ఆధారమైంది. కండరాలు పట్టేయడం, చర్మం పొడిబారడం, దాహం వేసినా నీళ్లు కొలిచి తాగవలసి రావడం ఎంతగా బాధిస్తున్నాయో, కుటుంబానికి భారమయ్యానన్న భావన ఎంత ఉందో రోగినే అడిగి, జవాబులను 0 నుంచి 100 వరకు గల అంకెలుగా మార్చే ఈ పద్ధతిలో, 36 ప్రశ్నల సంక్షిప్త రూపం ఎక్కువ వ్యాప్తి పొందింది. అయితే జవాబు చెప్పలేనంత నీరసించినవారూ, మరణించినవారూ ఈ సగటులలో కనిపించరు కాబట్టి, ఏ కేంద్రపు అంకెలు చదివినా ముందు ఎంతమంది జవాబిచ్చారో చూడవలసి ఉంటుంది.