క్రూజర్ బైక్ పుట్టింది కంపెనీలో కాదు, ఇంటి వెనక షెడ్డులో

ఈ ఎపిసోడ్ మియాపూర్‌లో ఒక యూటర్న్ దగ్గర మొదలవుతుంది.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున నా క్రూజర్ మీద యూటర్న్ తీసుకుంటున్నాను. హ్యాండిల్ కుడివైపు పూర్తిగా తిప్పానో లేదో, ఇంజిన్ టక్కున ఆగిపోయింది. వెనకాల ఆర్టీసీ బస్సు హారన్. సెల్ఫ్ కొడితే చప్పుడు లేదు. చేతులతో తోసుకుంటూ పక్కకి తెచ్చి, హ్యాండిల్ నిటారుగా పెట్టి కొడితే ఏమీ జరగనట్టే స్టార్ట్ అయింది.

అప్పటికి రెండు రోజుల ముందే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కూర్చుని పాత హ్యాండిల్ బార్ తీసేసి, ఎత్తుగా ఉండేది ఒకటి నేనే బిగించాను. ఫొటోలో అదిరిపోయింది. బండి మాత్రం యూటర్న్ వస్తే ఆగిపోతోంది. ఏ కంపెనీ బండి అని అడగకండి, తప్పు కంపెనీది కాదు, నాది.

పెట్రోల్ చూశా, ప్లగ్ విప్పి తుడిచా, బ్యాటరీ చూశా. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి మా వీధి చివర మెకానిక్ అన్న దగ్గరకి వెళ్తే ఆయన బండి వైపు కూడా చూడలేదు. ఒక్కటే అడిగాడు: "తమ్ముడూ, ఆఖరున ఏం మార్చినవ్?"

నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాడిని. సర్వర్ పడిపోతే మేము మొదట అడిగే ప్రశ్న కూడా అదే. నా బండి విషయంలో మాత్రం నాకు అది తట్టలేదు. ఆ ప్రశ్నకి నా బండి ఏం జవాబు చెప్పిందో చివర్లో చెప్తాను. ముందు, ఇదే ప్రశ్న అసలు క్రూజర్‌ని అడుగుదాం. ఎత్తు హ్యాండిల్, కిందికి దిగిన సీటు, చాచినట్టు ముందుకు వెళ్లిన ఫోర్క్. ఈ రూపాన్ని ఎవరు మార్చి మార్చి ఇలా తెచ్చారు?

రెండో ప్రపంచ యుద్ధం దగ్గరకి వెళ్దాం. అమెరికా సైన్యం కోసం, మిత్రదేశాల కోసం హార్లీ డేవిడ్‌సన్ కంపెనీ డబ్ల్యూఎల్ఏ అనే బైక్‌ని, దాని కెనడా రూపాన్ని కలిపి సుమారు 90,000 దాకా తయారుచేసింది. 45 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, అంటే మన లెక్కలో దాదాపు 740 సీసీ. 1945లో యుద్ధం అయిపోయింది. మిగిలిన బళ్లని చవగ్గా అమ్మేశారు. సైన్యంలో చేతులకి గ్రీజు అంటుకున్న కుర్రాళ్లే ఇళ్లకి తిరిగొచ్చి వాటిని కొనుక్కున్నారు.

బండి బరువు. స్పీడ్ తక్కువ. కొత్త ఇంజిన్ కొనే డబ్బుల్లేవు. మరేం చేయాలి? బరువు తీసేయాలి. ముందు మడ్‌గార్డ్ పీకేశారు. వెనక మడ్‌గార్డ్‌ని రంపంతో పొట్టిగా కోసేశారు. అక్కర్లేని సామానంతా విప్పేశారు. యుద్ధానికి ముందు నుంచే రేసుల పిచ్చి ఉన్నవాళ్లు ఇలా చేస్తున్నా, వీధుల్లోకి పెద్ద ఎత్తున వచ్చింది ఇప్పుడే. దీన్ని బాబర్ అన్నారు. ఈరోజు షోరూమ్‌లో బాబర్ అని పేరు పెట్టి అమ్మే ప్రతి బండికీ తాత, ఎవరో ఒకతను డబ్బుల్లేక ఇంటి దగ్గర కోసుకున్న మడ్‌గార్డే.

1950లు దాటి 60ల్లోకి వచ్చేసరికి రంపం ఇంకా లోపలికి వెళ్లింది. ఈసారి ఫ్రేమ్‌నే కోశారు. అదే చాపర్. ఇక్కడ కొంచెం ఇంజినీరింగ్ చెప్పుకోవాలి. ముందు ఫోర్క్‌ని పొడవు చేశారనుకోండి, బండి ముందుభాగం పైకి లేస్తుంది. దాన్ని కిందికి దించాలంటే ఫోర్క్‌ని ముందుకి వాల్చాలి. అంటే ఫ్రేమ్ మెడ కోసి, కోణం మార్చి మళ్లీ వెల్డింగ్ చేయాలి. అలా చేస్తే తిన్నటి హైవే మీద బండి గీత గీసినట్టు వెళ్తుంది. కానీ స్లోగా మలుపు తిప్పితే హ్యాండిల్ ఒక పక్కకి పడిపోతుంది. ఒకటి మారిస్తే ఇంకోటి మారుతుంది. ఆ వెల్డింగ్ చేసినవాళ్లకి ఇది తెలుసు. ఫొటో చూసి హ్యాండిల్ ఆర్డర్ పెట్టిన నాకు తెలీదు.

ప్రపంచం మొత్తానికి చాపర్‌ని చూపించింది 1969లో వచ్చిన ఈజీ రైడర్ సినిమా. పీటర్ ఫోండా నడిపిన బండి పేరు కెప్టెన్ అమెరికా. ట్యాంక్ మీద అమెరికా జెండా, ముందు చక్రానికి బ్రేకే లేదు, వెనక సస్పెన్షన్ లేదు. పోలీసులు వాడి వేలంలో అమ్మేసిన పాత హార్లీలని కొని ఆ సినిమా బళ్లు కట్టారు.

కట్టింది ఎవరు? క్లిఫ్ వాస్, బెన్ హార్డీ. ఇద్దరూ నల్లజాతీయులు. వాస్ పౌరహక్కుల ఉద్యమంలో పనిచేసినవాడు. హార్డీకి లాస్ ఏంజెలెస్‌లో సొంత షాపు ఉండేది. సినిమా టైటిల్స్‌లో ఈ ఇద్దరి పేర్లూ లేవు. బండి పోస్టర్లయింది, బొమ్మలయింది, కోట్లమంది గదుల్లో గోడలెక్కింది. కట్టినవాళ్ల పేర్లు నలుగురి నోట్లోకి రావడానికి దశాబ్దాలు పట్టింది. బెన్ హార్డీ అప్పటికే చనిపోయాడు. రీసెర్చ్ చేస్తూ ఇది చదివాక నేను కాసేపు స్క్రీన్ మూసేసి కూర్చున్నాను.

ఇక కంపెనీ సంగతి. జనం తన బళ్లని కోసుకుంటున్నారని గమనించిన హార్లీ 1971లో సూపర్ గ్లైడ్ తెచ్చింది. పెద్ద బండి ఫ్రేమ్‌కి చిన్న బండి స్పోర్ట్‌స్టర్ ఫోర్క్ తగిలించారు. డిజైనర్ విల్లీ జి. డేవిడ్‌సన్. అంటే షెడ్లలో జరుగుతున్న పనిని ఫ్యాక్టరీలో చేయడం.

నాకు ఇంకా నచ్చిన కథ సాఫ్టెయిల్‌ది. బిల్ డేవిస్ అని సెయింట్ లూయిస్ ఊరి ఇంజినీరు. చాపర్ వెనకభాగం సస్పెన్షన్ లేని పాతకాలం బండిలా కనిపించాలి, నడుము మాత్రం విరక్కూడదు. ఇదీ ఆయన పట్టుదల. 1970ల్లో సొంతంగా మొదలుపెట్టి సస్పెన్షన్‌ని కంటికి కనపడకుండా దాచేశాడు. 1982లో ఆ పేటెంట్లని హార్లీ కొనుక్కుంది. 1984 మోడల్‌గా సాఫ్టెయిల్ వచ్చింది. ఈయనకి డబ్బూ వచ్చింది, పేరూ మిగిలింది. హార్డీకి సినిమా టైటిల్స్‌లో ఒక్క లైను కూడా దక్కలేదు. పనితనంలో తేడా ఉందంటారా?

ఆ రూపాన్ని జపాన్ కంపెనీలు అందుకున్నాయి. 2001లో కవాసాకి బజాజ్ ఎలిమినేటర్‌గా మన రోడ్ల మీదికి వచ్చింది. 2005లో అవెంజర్ అయింది. కాలేజీ పార్కింగ్‌లో అవెంజర్ చుట్టూ మూగిన బ్యాచ్ మనదే కదా.

ఇప్పుడు నా బండి. హెడ్‌లైట్ విప్పి, మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, కిల్ స్విచ్ వైర్ల రెండు కొసలా పట్టుకున్నాను. నిటారుగా ఉంటే బీప్. ఎడమకి తిప్పినా బీప్. కుడికి తిప్పగానే నిశ్శబ్దం. ఎత్తు హ్యాండిల్ కోసం నేను లాగి బిగించిన వైరు, మెడ దగ్గర మడత పడే చోట లోపల తెగింది. పైన ప్లాస్టిక్ చెక్కుచెదరలేదు. అందుకే కంటికి కనపడలేదు.

బ్యాటరీ కనెక్షన్ తీసి, తెగినచోట అదనపు వైరు ముక్క సోల్డరింగ్ చేసి, స్లీవ్ వేసి, వదులుగా తిప్పి కట్టాను. బ్రేక్ హోస్ కూడా బిగుతుగా లాగి ఉందని అప్పుడే చూశాను. అది తెగి ఉంటే ఈ ఎపిసోడ్ ఉండేది కాదు. పొడుగుది తెచ్చి, అది మాత్రం అన్న చేతే వేయించాను.

మీరూ చేసేటట్టయితే మూడు మాటలు. ఒకసారి ఒకటే మార్చండి. మార్చే ముందు ఫొటో తీసుకోండి. బిగించాక హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి, ప్రతి వైరూ ప్రతి కేబులూ చూడండి. ఇంకొకటి, ఫ్రేమ్ జోలికి మాత్రం వెళ్లకండి. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్లు మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది.

అన్నా, వీడియోలో మీ పేరు వేస్తానని అడిగాను. నవ్వాడు. "పేరెందుకు తమ్ముడూ, షాపు బోర్డు కనపడేటట్టు తియ్యి, చాలు" అన్నాడు.

తీశాను. ఇప్పుడు మీ స్క్రీన్ మీద ఉన్నది అదే.