గోపి, ఏజెంట్ 116

అడివి శేష్ 'గూఢచారి' 2018లో విడుదలైనప్పటినుండి మా జూలూరుపాడు సినీ అభిమానుల్లో ఒక వాదం తెగడం లేదు. అది కృష్ణ గారి చిత్రానికి రీమేకని కొందరు, సోకే తప్ప సారం లేదని నా ఈడువారు.

శశికిరణ్ తిక్క దర్శకత్వంలోని ఆ చిత్రం 1966 నాటి 'గూఢచారి 116' నుండి గ్రహించినవి పేరు, అంకె, గోపి అన్న నామధేయం. కథ వేరు. పాత గోపికి పూర్వకథ లేదు. 303 (శోభన్ బాబు) హతుడైతే, ఆ గుట్టు విప్పడానికి వెళతాడు. కొత్త గోపి అర్జున్ అన్న మారుపేరుతో పెరిగి తండ్రి చావుకు కారణం వెదికే కొడుకు. అసలు రీమేకు 1967 నాటి హిందీ 'ఫర్జ్'. తెలుగు చిత్రానికి ఛాయాగ్రాహకుడైన రవికాంత్ నగాయిచే దానికి దర్శకుడు. జితేంద్రను నిలబెట్టినది అదే.

ఇక సోకంటారా? 1962లో 'డాక్టర్ నో'తో మొదలైన బాండు మోజు లేనిదే డూండీ, మల్లికార్జునరావు గార్ల 116 ఎక్కడిది?

గూఢచారి మనకు కొత్తవాడు కాడు. ముద్రారాక్షసంలో యమపటం పట్టుకొని ఇల్లిల్లూ తిరిగే నిపుణకుడు చాణక్యుని చారుడే. రాక్షసుని ఉంగరం అతడు తేకపోతే నాటకం నడువదు. (పిల్లలకు ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా తరగతి నిశ్శబ్దమయ్యేది.) అయినా విశాఖదత్తుడు అతనికి నాయకపీఠం ఇవ్వలేదు. తెలుగు తెరపై ఆ పీఠం అతనికి దక్కించినది, నా దృష్టిలో, మూడవ చిత్రానికే వచ్చిన కృష్ణ. 'ఏజెంట్ గోపి' (1978), 'గూఢచారి 117' (1989) ఆ వరుసలోనివే. శేష్ కూర్చున్నది ఆ పీఠం మీదనే.