నిధి వేరు, నిక్షేపం వేరు

తెలుగులో 'దాచు' అనే క్రియ కడు విచిత్రమైనది. పరుల కంట పడకుండా మరుగుపరచడమూ దాచడమే, రేపటి అక్కరకు కూడబెట్టడమూ దాచుకోవడమే. "నాలుగు డబ్బులు దాచుకున్నాడు" అంటే పొదుపరి అని మెప్పు. "ఏదో దాస్తున్నాడు" అంటే అనుమానం. సంస్కృతంలో ఈ రెండు పనులకూ వేరువేరు ధాతువులున్నాయి. సంచయం ఒకటి, గోపనం మరొకటి. మన వాడుకలో మాత్రం కూడబెట్టినవాడు దాన్ని మరుగుపరచక తప్పదన్నట్లు రెండూ ఒకే మాటలో ఒదిగిపోయాయి. ఇంట్లో బంగారాన్ని, వెండిని భద్రపరచుకోవడానికి మనవారు పడిన పాట్లను గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ మాటే మొదట గుర్తుకు వస్తుంది. తెలుగు పాఠాలు చెప్పుకుని బ్రతికినవాణ్ణి గనుక, చరిత్రలోకి కూడా మాటల గుమ్మం గుండానే ప్రవేశిస్తాను.

భద్రపరచిన ధనానికి మన పూర్వులు రెండు పేర్లు పెట్టారు. ఒకటి నిధి, రెండవది నిక్షేపం. నేడు ఈ రెంటినీ ఒకే అర్థంలో వాడుతున్నాము. భూగర్భంలోని చమురునూ, ఖనిజాలనూ పత్రికలు నిక్షేపాలనే వ్రాస్తున్నాయి. కాని ధర్మశాస్త్రకారుల దృష్టిలో ఈ రెంటికీ హస్తిమశకాంతరం ఉన్నది. ఎవరికీ చెప్పకుండా పాతిపెట్టినది నిధి. నమ్మకస్తునికి చెప్పి, అతని చేతిలో పెట్టినది నిక్షేపం.

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో చెప్పిన పద్దెనిమిది వివాదపదాలలో ఋణాదానం మొదటిది కాగా, నిక్షేపం రెండవది. అప్పు తరువాత మనుష్యుల మధ్య తగవు తెచ్చేది దాచుకోమని ఇచ్చిన సొమ్మేనన్న మాట! లెక్కించి, చూపించి ఇస్తే అది నిక్షేపం. పెట్టెలో పెట్టి, ముద్రవేసి, లోపల ఏమున్నదో చెప్పకుండా ఇస్తే అది ఉపనిధి. సాక్షులు లేకుండా ఇచ్చిన నిక్షేపాన్ని ఎవరైనా లేదని బొంకితే న్యాయాధికారి ఏమి చేయాలో కూడా మనువు చెప్పాడు. తగిన వయోరూపాలు కలిగిన చారుల చేత అతని వద్ద బంగారం దాచిపెట్టించి, కొన్నాళ్ళకు తిరిగి అడిగించాలి. ఇచ్చినది ఇచ్చినట్లు అప్పగిస్తే మనిషి నిర్దోషి. లేకుంటే రెండు సొమ్ములూ కక్కించవలసినదే. ఇచ్చిన వస్తువు రాజు వలన గాని, దైవికంగా గాని, దొంగల వలన గాని పోతే దాచినవానిది తప్పు కాదని యాజ్ఞవల్క్యుడు ఒక మినహాయింపు ఇచ్చాడు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన తెలుగు పద్యాలలోనికి తెచ్చాడు గనుక, ఈ న్యాయం తెలుగువారికి తమ భాషలోనే అందివచ్చింది.

నిధి సంగతి ఇందుకు భిన్నం. దాచినవాడు ఎవరో తెలియదు గనుక, అక్కడ ప్రశ్న దొరికినవానికి ఎంత, రాజుకు ఎంత అన్నదే. కౌటిలీయం ప్రకారం లక్షకు మించిన నిధి రాజుకే చెందుతుంది. అంతకు లోపలిదైతే దొరికినవాడు రాజుకు ఆరవ పాలు చెల్లించాలి. విజయనగరకాలపు దానశాసనాలు చదివినవారికి అష్టభోగాలు పరిచితమే: నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యములు. అగ్రహారం పుచ్చుకున్నవానికి పంట మీదనే కాదు, ఆ నేలలో దొరకబోయే నిధి మీద కూడా హక్కు ధారపోసేవారు. నేల కింద ధనం ఉండడం ఆనాడు ఎంత సహజమైన విషయమో ఈ వరుసలో మొదట నిలిచిన మాటే చెబుతుంది.

రాజులు సైతం పాతిపెట్టారు. జనపదపు సరిహద్దున, ఆపత్కాలానికై 'ధ్రువనిధి' అనే రహస్య కోశాన్ని మరణశిక్ష పడిన వారిచేత నిర్మింపజేయాలని కౌటిల్యుడు విధించాడు. ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. నిధికి రహస్యమే తాళం. ఆ తాళం తెలిసిన మనుష్యులు బ్రతికి ఉండరాదు.

ఆ రహస్యం సామాన్యుని మెడకు ఎలా చుట్టుకున్నదో 1816 నాటి పిండారీల దాడి చూపుతుంది. ఆ ఏడాది మార్చిలో గుర్రాల మీద వచ్చిన ఈ దోపిడి మూకలు గుంటూరు సీమపై విరుచుకుపడ్డాయి. కుంఫిణీ ప్రభుత్వం తరువాత జరిపించిన విచారణలో తేలిన లెక్క ఇది: దాదాపు పన్నెండు రోజులలో 339 గ్రామాలు దోపిడికి గురైనాయి, 182 మంది చంపబడ్డారు, 505 మంది తీవ్రంగా గాయపడ్డారు, 3,603 మంది చిత్రహింసల పాలైనారు. ఈ అంకెలను ఒకదాని పక్క ఒకటి ఉంచి చూడండి. చచ్చినవారికి ఇరవై రెట్ల మంది చిత్రహింసలకు గురైనారు. పిండారీలకు శవాలతో పనిలేదు, నోళ్ళతో పని. బంగారం ఎక్కడ పాతావో చెప్పమని వేడి బూడిద నింపిన సంచులను మనుష్యుల ముఖాలకు కట్టేవారు. ఇనుప పెట్టె ఉంటే దాన్ని పగలగొట్టేవారు. పెట్టె లేదు గనుక మనిషిని పగలగొట్టారు.

ఇక పల్లెటూరి ఇంటిలో ధనం ఎక్కడ ఉండేది? గాదెలో ధాన్యం అడుగున, కుండల దొంతిలో కిందికుండలో, పొయ్యిరాళ్ళ కింద, పశువుల కొట్టంలో గాడి కింద, మట్టిగోడలో గూడు చేసి పైన అలికిన చోట. కొంచెం కలిగిన ఇళ్ళలో భోషాణం ఉండేది. దళసరి చెక్కతో, ఇత్తడి పట్టీలతో, నలుగురు కలిసినా కదలని బరువుతో చేసిన పెట్టె అది. రాత్రివేళ దానిమీదనే ఇంటిపెద్ద పక్క వేసుకునేవాడు. తాళం కంటె మనిషి బరువు మీద వారికి నమ్మకం ఎక్కువ. ఆడువారి సొమ్ముకు ఈ ఘనత కూడా లేదు. కొంగుముడి, పోపుల పెట్టె, చీరమడతలు, ఇవే వారి కోశాగారాలు. 2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దైనప్పుడు పోపుల డబ్బాల అడుగున ఉన్న నోట్లు ఎన్నో వెలుగు చూశాయి. ఏళ్ళ తరబడి మగవారికి తెలియని లెక్క ఒక్క రాత్రిలో బయటపడవలసి వచ్చింది.

దాచినవాడు తిరిగి రాకపోతే ఏమవుతుంది? 18వ శతాబ్ది చివరి పాదంలో నెల్లూరు సమీపాన ఒక రైతు రాతిగుట్ట పక్కన దున్నుతుండగా నాగలికి ఇటుకల కట్టడం తగిలింది. తవ్వి చూస్తే చిన్న దేవాలయపు శిథిలం, దాని కింద ఒక చిన్న కుండ. ఆ కుండలో క్రీస్తుశకం 2వ శతాబ్దికి చెందిన రోమను బంగారు నాణేలు! ట్రాజను, హేడ్రియను చక్రవర్తులవి, ఫౌస్టీనా రాణివి. ఆ రైతుకు అవి పాత బంగారం మాత్రమే. అమ్మివేశాడు, చాలా నాణేలు కరిగిపోయాయి. ముప్పైకి పైగా నాణేలు మాత్రం ఆర్కాటు నవాబు కుమారుని చేతికి చిక్కి బ్రతికాయి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన డేవిడ్సన్ వ్రాసిన లేఖ 1790లో 'ఏషియాటిక్ రీసెర్చెస్' రెండవ సంపుటంలో అచ్చయినందున ఈ కథ మనకు తెలిసింది. చరిత్రకారునికి అది మహద్భాగ్యం. కాని దాచినవాని వైపు నుంచి చూడండి. ఏ భయంతోనో పాతిపెట్టాడు, మళ్ళీ వస్తాననుకున్నాడు, రాలేదు. ఎవరికీ చెప్పనూ లేదు. మ్యూజియం అద్దాల వెనుక మెరిసే ఇటువంటి కుండలలో చాలావాటి వెనుక ఇదే కథ ఉండాలి. దాచడం నెరవేరింది, దాచుకోవడం నెరవేరలేదు.

ప్రభువులకూ ఇదే గతి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ 1891లో బేరమాడిన జేకబ్ వజ్రం బరువు సుమారు 185 క్యారట్లు. 1911లో ఆయన మరణించాక, అది ఒక పాత పాదరక్ష ముందుభాగంలో కుమారుడు ఉస్మాన్ అలీఖాన్‌కు దొరికిందనీ, ఆయన దాన్ని కాగితాలపై బరువుగా వాడుకున్నాడనీ ప్రసిద్ధి. అంతటి సంస్థానంలోనూ ఆ వజ్రం జాడ తండ్రి నోట కొడుకుకు చేరలేదు! 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు నిజాం ఆభరణాలను కొన్నప్పుడు ఆ వజ్రమూ ప్రజల సొత్తయింది.

దొరికిన నిధికి ఇంగ్లీషు వారు 1878లో ఒక చట్టం చేశారు. నేలలో దొరికినది పది రూపాయల విలువ మించితే కలెక్టరుకు తెలియజేయాలి. స్వంతదారు ఎవరూ లేరని తేలి, వేరే ఒప్పందం లేకపోతే, దొరికినవానికి ముప్పాతిక, నేల యజమానికి పాతిక. ప్రభుత్వం కావాలనుకుంటే లోహపు విలువకు అందులో ఐదవ వంతు కలిపి ఇచ్చి తీసుకోవచ్చు. చెప్పకుండా దాచితే ఏడాది వరకు కారాగారం. కౌటిల్యునికి, ఈ చట్టానికి మధ్య రెండు వేల ఏళ్ళ దూరమున్నా ప్రశ్న ఒక్కటే: దొరికినవానికి ఎంత?

తరువాత ఇనుము వచ్చింది. 1897లో బొంబాయిలో తాళాలతో మొదలైన గోద్రెజ్ వారు 1902 నాటికి ఇనప్పెట్టెలు, 1923 నాటికి ఉక్కు బీరువాలు చేశారు. భోషాణం మూలపడింది, పెండ్లి సారెలో బీరువా చేరింది. దొంగభయం కొంత తగ్గిందనుకునే లోపల, కొత్త భయం వచ్చింది. 1963 జనవరిలో వచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు 14 క్యారట్లకు మించిన నగల తయారీని నిషేధించాయి. ఎందరో కంసాలుల కుంపట్లు ఆరిపోయాయి. 1968 చట్టం సామాన్యుడు బంగారు కడ్డీలు, బిస్కట్లు ఉంచుకోరాదన్నది. 1990లో ఆ చట్టం రద్దయ్యేదాకా ఇంటి బంగారం దొంగ నుంచే కాదు, దొర నుంచి కూడా దాగవలసి వచ్చింది. సోదాలలో వివాహితకు 500, అవివాహితకు 250, పురుషునికి 100 గ్రాముల నగల వరకు జప్తు చేయవద్దని 1994లో ఆదాయపు పన్ను శాఖ ఆదేశించింది. ఇంట బంగారం ఎవరిదో ఈ వాటాలు చెప్పకనే చెబుతున్నాయి.

ఇక్కడే నాకు పాత ధర్మశాస్త్రం కొత్త రూపంలో కనబడుతుంది. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు, స్త్రీధనం మీద పూర్తి హక్కు స్త్రీదేననీ, భర్త గాని అత్తవారు గాని తమ వద్ద ఉంచుకుంటే అది ఆమె నమ్మి అప్పగించిన సొత్తేననీ, ఎగవేస్తే నమ్మకద్రోహ నేరమవుతుందనీ తీర్పు చెప్పింది. బీరువా తాళాలు ఎవరి మొలకు వేలాడినా, లోపలిది నిక్షేపమే! బ్యాంకు లాకరు కూడా అంతే. లోపల ఏమున్నదో బ్యాంకుకు తెలియదు గనుక అది అక్షరాలా ఉపనిధి. 2022 జనవరి 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, అగ్నిప్రమాదం, దొంగతనం వంటివాటి వలన సొత్తు పోతే బ్యాంకు ఏడాది అద్దెకు నూరు రెట్ల వరకు బాధ్యత వహించాలి. బ్యాంకు తప్పు లేని ప్రకృతి విపత్తులకు మాత్రం మినహాయింపు. యాజ్ఞవల్క్యుడు దైవాన్నీ, దొంగనూ రెంటినీ క్షమించాడు. ఈనాటివారు దైవాన్ని మాత్రమే క్షమించారు.

నిధి మీది మోజు మాత్రం చావలేదు. లంకెబిందెల కోసం అంజనాలు వేయించేవారు, అమావాస్య రాత్రులు శిథిలాలయాల గర్భగుడులు తవ్వేవారు, నంది విగ్రహాలను పగలగొట్టేవారు ఇప్పటికీ తెలుగునాట పట్టుబడుతూనే ఉన్నారు. ప్రతిష్ఠ వేళ గర్భన్యాసంలో ఉంచేది నవరత్నాల తునకలు, లోహపు రేకులు, ధాన్యపు గింజలు. వాటి కోసం వందల ఏళ్ళ శిల్పం ముక్కలవుతున్నది. ఎవరో ఎప్పుడో ఎవరికీ చెప్పకుండా దాచారన్న ఊహకు, ఎవరూ దాచని దేవుడు బలి అవుతున్నాడు.

తెలుగులో క్షేమంగా ఉన్నవాణ్ణి "నిక్షేపంలా ఉన్నాడు" అంటాము. "నిధిలా ఉన్నాడు" అనము. ఈ వాడుకలో గొప్ప వివేకం ఉన్నదని నా నమ్మకం. తాళం, గోడ, ఇనుము, ఇవన్నీ దొంగను కొంతసేపు ఆపగలవు. దాచినవాని మరణాన్ని అవి ఆపలేవు. ఇంటిలోని బంగారం ఎంత, ఎక్కడ, ఎవరిది అన్న మూడు మాటలు ఒక కాగితం మీద వ్రాసి, నమ్మదగిన మరొకరికి, ముఖ్యంగా ఆ బంగారానికి హక్కుదారైన ఇల్లాలికి తెలిపినప్పుడే అది నిక్షేపం. లేకుంటే ఎంత గట్టి బీరువాలో ఉన్నా అది నిధే. ఏదో ఒకనాడు ఎవరి నాగలికో తగలవలసినదే.

మీ ప్రాంతాలలో భోషాణానికి, ఇనప్పెట్టెకు, గోడలోని రహస్యపు గూటికి వేరే పేర్లు ఉంటే దయచేసి తెలియజేయగలరు. వస్తువులు ఎలాగూ పోతున్నాయి, మాటలనైనా నిక్షేపంగా ఉంచుకుందాము.