లేపాక్షి కప్పు నుంచి ధర్మవరం మగ్గం దాకా

మా హిందూపురానికి బస్సు మాట్లాడుకొని వచ్చే బృందాలకు నేను చెప్పే వరుస ఒక్కటే: పొద్దున లేపాక్షి, మధ్యాహ్నం పెనుకొండ, సాయంత్రం ధర్మవరం. ఇలా తిరిగితే మా సీమ చరిత్ర ఒక్క రోజులో దానంతటదే అర్థమవుతుంది.

గుత్తి మురారిరావు 18వ శతాబ్దంలో తన తండ్రి పేరిట హిందూపురం కట్టించాడని పెద్దలు చెబుతారు. చింతపండు, బెల్లం, పట్టుగూళ్ల బేరాలతో ఎదిగిన ఊరు ఇది. ఇక్కడికి 15 కిలోమీటర్ల దూరంలోనే లేపాక్షి.

విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ, తమ్ముడు వీరణ్ణతో కలిసి వీరభద్రాలయం కట్టించాడు. వచ్చినవాళ్లంతా వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి మురిసిపోతారు. చూడండి, కానీ తల కూడా పైకెత్తండి. నాట్యమండపం కప్పు మీది బొమ్మల్లో ఆడవాళ్ల చీరల గళ్లు, పూలు, అంచులు నేటికీ కనిపిస్తాయి. లతామండపం స్తంభాల మీది లతలనూ తీరిగ్గా చూడండి. సాయంత్రం వాటితో పని పడుతుంది.

సోమందేపల్లి మీదుగా పెనుకొండ చేరితే కథ మలుపు తిరుగుతుంది. 1565లో రాక్షసి–తంగడి యుద్ధంలో విజయనగరాన్ని నడిపిస్తున్న రామరాయలు నేలకూలాక, తమ్ముడు తిరుమలరాయలు హంపీ వదిలి ఈ కొండనే రాజధాని చేసుకున్నాడు. బీజాపూరు, గోల్కొండ సేనలు చుట్టుముట్టినా కోట నిలబడింది. ఆ తర్వాత రాజధాని చంద్రగిరికి తరలిపోయింది. గగనమహలు, పక్కపక్కనే ఉన్న రామాలయం, శివాలయం, పార్శ్వనాథుని బసది, బాబయ్య దర్గా మాత్రం ఊరితోనే ఉండిపోయాయి. ఇప్పుడు ఆ ఊరి దగ్గరే ఉన్న ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. రాజ్యం పోయినా ఊరికి పని దొరికింది.

ఇక ధర్మవరం. ఇక్కడ వీధిలో నిలబడితే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. నేతగాడి అనుమతితో లోపలికి వెళ్లి, పడుగు మీద జరీ అంచు ఎలా ఎక్కుతుందో చూడండి. పొద్దున లేపాక్షి రాతి మీద చూసిన లతలు ఇక్కడి పట్టు మీద ఎదురవుతాయి. రాజులు లేకపోయినా చేతిపని ఆగలేదు.

లేపాక్షిని పురావస్తు శాఖ కాపాడుతోంది. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరింది. ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది, చేనేతకు 1985 నాటి రిజర్వేషన్ చట్టం ఉంది. అయినా మరమగ్గాల నకిలీ చీరలు బజారు నింపుతున్నాయి, ముడిపట్టు ధర నేతగాడి నడ్డి విరుస్తోంది. గుడి కప్పు మీది చీరకున్న కాపలా మగ్గం మీది చీరకూ ఉండాలి. మా బడిపిల్లల విహారయాత్రలు లేపాక్షితో ఆగిపోకూడదు, ధర్మవరం మగ్గం దాకా సాగాలి. చీర కొనేవాళ్లు నేసినవాళ్ల ఇంటికే వెళ్లి, వాళ్లడిగిన న్యాయమైన ధర ఇవ్వాలి.