ఆహార సంయోగము – మన పడమటి సీమ వంటిల్లు

ఆహారము శుద్ధమైనచో అంతఃకరణము శుద్ధమగునని ఛాందోగ్యోపనిషత్తు బోధించుచున్నది. శుద్ధి యనగా మడి, ఆచారము మాత్రమే కాదు. దేనితో దేనిని కలిపి తినవలెను, ఎంత తినవలెను, ఎచ్చట, ఎప్పుడు తినవలెను అను వివేకము కూడ అందు చేరినదే. వారమునకు ఏడు దినములు ఇంటిల్లిపాదికి వండి పెట్టు ఇల్లాలికి ఈ వివేకము నిత్యము కావలసినది. దాని చరిత్రను మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములకు అన్వయించి ఇచ్చట మనవి చేయుచున్నాము.

చరకసంహిత విమానస్థానపు మొదటి అధ్యాయము ఆహార విషయమున ఎనిమిదింటిని విచారింపుమన్నది. పదార్థ స్వభావము ప్రకృతి, వండు విధానము కరణము, కలయిక సంయోగము, పరిమాణము రాశి, ఆపై దేశము, కాలము, భోజన నియమము ఉపయోగసంస్థ, భుజించువాడు ఉపయోక్త. సూత్రస్థానము ఇరువదియారవ అధ్యాయమున విరుద్ధాహారము పదునెనిమిది విధములుగా వివరింపబడినది. పాలతో చేపలు, పాలతో పుల్లని పండ్లు, సరిసమాన తూకమున తేనె, నేయి ఈ కోవలోనివి. అయితే జఠరాగ్ని బలముగా నుండి, శరీరశ్రమ చేయు యువకునకు ఇవి అంతగా బాధ కలిగింపవనియు ఆ గ్రంథమే చెప్పినది. శాస్త్రము మనలను భయపెట్టుటకు గాక, ఆలోచింపజేయుటకే పుట్టినది.

ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో విలియం హోవర్డ్ హే అను అమెరికా వైద్యుడు పిండిపదార్థములను, మాంసకృత్తులను ఒకే పూట కలిపి తినరాదని ప్రచారము చేసెను. దీనినే మన ఆయుర్వేదమని తలచి పప్పన్నమును తప్పు పట్టువారు కొందరు కలరు. అది తగదు. 2000వ సంవత్సరమున స్విట్జర్లాండు పరిశోధకులు ప్రకటించిన పరీక్షలో అట్లు విడదీసి తినుట వలన బరువు తగ్గుటలో సమతులాహారమునకు మించిన లాభమేమియు కనబడలేదు. మన సంప్రదాయము తగినదానిని తగినదానితో కూర్చుమన్నది. ధాన్యమున కొరవడిన లైసీను పప్పులో కలదు; పప్పున కొరవడిన మెథియోనీను ధాన్యములో కలదు. స్వామికి నివేదించు కట్టెపొంగలిని చూడుడు. బియ్యమునకు పెసరపప్పు తోడైనది. అరుగుదలకు మిరియము, జీలకర్ర, అల్లము, నేయి చేరినవి. సంయోగమునకు ఇంతకన్న చక్కని ఉదాహరణము వేరొకటి ఏల?

ఇక దేశమును గూర్చి విచారింతము. మనది వాన తక్కువైన మెట్టసీమ. గుండ్లకమ్మపై రెండు కొండల నడుమ విజయనగర ప్రభువుల కాలమున కట్టిన కంభము చెరువు శ్రీకృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ పుణ్యమని చెప్పుకొందురు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తింపు లభించినది. అట్టి చెరువుల క్రింద వరి పండినను, తక్కిన చేలలో జొన్న, సజ్జ, కొర్ర, వరిగ, కంది పండెడివి. వరియన్నము పండుగకు, అతిథికి. నిత్యము జొన్నసంకటియో, కొర్రన్నమో, దానితో కందిపప్పు, ఆకుకూర, మజ్జిగ. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. అది పేదవాని ఆకలి తీర్చినది, దానిని నిందింపరాదు. కాని మూడు నాలుగు ధాన్యములు మారుచుండిన కంచములో ఏడు దినములును ఒకే ధాన్యము నిలిచిపోయినది.

అట్లని జొన్ననే ఏడు దినములును తినుట మేలా? ఇచ్చటనే దేశధర్మము అడ్డు వచ్చుచున్నది. మన దేశమున ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించి ప్రకటించిరి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు పొదిలి, కనిగిరి, దర్శి ఆ జిల్లాలోనివే. పశ్చిమ ప్రకాశమున అనేక గ్రామముల బోరునీటిలో నేటికిని ఫ్లోరైడు కలదు. పసిబిడ్డల పండ్లు గారపట్టుటయు, పెద్దల నడుములు వంగుటయు మనము చూచుచున్నదే. వరియన్నము తినువారికన్న జొన్నలు ప్రధానాహారముగా గలవారి శరీరమున ఫ్లోరైడు ఎక్కువగా నిలుచుచున్నదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1970 దశకమున ప్రకటించిరి. వేరొకచోట అమృతతుల్యమైన ధాన్యమునకు ఇచ్చట జాగ్రత్త కావలెను. చరకసంహిత దేశమును వేరుగా లెక్కించుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

కావున వారమును ఇట్లు దిద్దుకొనవచ్చును. ఆదివారము కొర్రన్నము, కందిపప్పు, ఆకుకూర. సోమవారము ఏకభుక్తమైనచో పెసరపప్పు పొంగలి, మజ్జిగ. మంగళవారము రాగిసంకటి, పప్పుకూర. నూరు గ్రాముల రాగులలో మూడువందల మిల్లీగ్రాములకు పైగా సున్నము కలదు, బియ్యమున అందు పదవవంతైనను లేదు. బుధవారము వరియన్నము, పప్పు, ఉసిరి పచ్చడి. గురువారము జొన్నరొట్టె, పప్పు, పెరుగు. వారమునకు ఒకటి రెండు పూటలు జొన్న చాలును. శుక్రవారము పులిహోర, దధ్యోజనము మధ్యాహ్నమునకే. రాత్రి పెరుగు వలదన్నారు. శనివారము ఉపవాసమున్నవారు రాత్రి పాలు, పండ్లు తీసికొన్నచో పుల్లని పండ్లను విడువవలెను. ఉపవాసము లేనివారు మరల కొర్రలో, రాగులో వండుకొనవచ్చును. ఉసిరిని ఆదివారమునను రాత్రివేళను విడుచు ఆచారము మనకు కలదు. తక్కిన దినముల పగటిపూట దానిని మరువరాదు. ఆకుకూర దింపి, చల్లారిన పిదప నిమ్మరసము పిండినచో అందలి ఇనుము ఒంటికి పట్టును. భోజనము కాగానే టీ త్రాగినచో పట్టదు.

పాలు, మజ్జిగ, రాగులలోని సున్నము కడుపులో ఫ్లోరైడును కొంత బంధించును. అయినను ఏ సంయోగమును మంచినీటికి బదులు కాజాలదు. బోరునీటిని పరీక్ష చేయించి, ఫ్లోరైడు లేని నీటితోనే త్రాగుట, వండుట జరుగవలెను. ముఖ్యముగా బిడ్డలకు, గర్భిణులకు ఈ నియమము తప్పరాదు. స్వామికి నివేదన వండు నీటిని ఎంత శ్రద్ధతో తెత్తుమో, బిడ్డ కంచమునకును అంత శ్రద్ధయే కావలెను. ఆ బిడ్డయందును ఉన్నవాడు చెన్నకేశవుడే కదా!

స్వస్తి.