నాలుగో వంతు గది

పోర్చుగీసులో గదిని 'క్వార్తు' అంటారు. నాలుగో వంతుకూ అదే మాట. ఇంటిని పంచుకుంటే ఒకరి పాలికి వచ్చిన ముక్క అన్న ఊహ అందులో ఉంది. తెలుగు 'అర' కూడా పైకి ఇలాగే కనిపిస్తుంది: సగమూ అరే, గదీ అరే. కానీ తొందరపడకూడదు. గదికి పూర్వం శకటరేఫతో 'అఱ' అని రాసేవారు, సగానికి సాధురేఫ. తమిళుల రాతలో ఆ తేడా నేటికీ ఉంది. మనం బండి ఱను వదిలేశాం కాబట్టి రెండూ ఒకటై కూర్చున్నాయి. పోర్చుగీసు వాళ్లది అసలైన చుట్టరికం, మనది పేర్లు కలవడమే. అయితేనేం, అరలున్న మన అలమారా వాళ్ల 'ఆర్మారియు' నుంచే వచ్చింది.

ఇంతకీ పోర్చుగీసు కవి ఫెర్నాండో పెసోవా (1888–1935) పేరుతో ముస్తాబు చేసిన ఖరీదైన హోటలు గదికి వీటిలో ఏ మాట నప్పుతుందన్నది నా ప్రశ్న. హోటళ్ల వాళ్లకు ఇష్టమైన మాట 'స్వీట్'. మనవాళ్లు చాలామంది దాన్ని సూటనే పలుకుతారు. నవ్వనక్కర్లేదు, ఒంటి మీది సూటుకూ దీనికీ మూలం ఒకే ఫ్రెంచి మాట: ఒకదాని వెంట ఒకటిగా వచ్చేది. పెసోవాకు గదులు అలా వరసగా అమరలేదు. వ్యాపార సంస్థలకు ఇంగ్లీషు, ఫ్రెంచి ఉత్తరాలు రాసిపెట్టి పొట్టపోసుకున్న మనిషి. చాలాకాలం అద్దె గదుల్లో, బంధువుల ఇళ్లలో గడిపి, 1920లో లిస్బన్‌లోని కొయెల్యు ద రోష వీధి 16వ నంబరు ఇంటికి చేరాడు. ఇప్పుడది ఆయన స్మారక గృహం.

గోడ మీద టోపీ, గుండ్రటి కళ్లద్దాలు గీస్తే పెసోవా గది అయిపోదు. నన్నడిగితే ఎత్తయిన సొరుగుల బల్ల ఒకటి ఉంటే చాలు. 1914 మార్చి 8న అలాంటి బల్ల దగ్గర నిలబడి, కాగితం పైన పెట్టుకుని, ముప్పై పైచిలుకు కవితలు ఏకబిగిన రాశానని పెసోవా 1935 జనవరిలో ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. ఆల్బెర్తు కయెయిరు అనే కవి తనలో పుట్టింది ఆనాడేనట. రాతప్రతులు చూసిన పండితులు అదంతా ఒక్కరోజు పని కాదని తేల్చారు. నాకు మాత్రం ఆ కోత కూడా ముచ్చటగానే ఉంటుంది. పైన రాసే చెయ్యి, కింద మూసిన అరలు. ఒక్కో అరలో ఆయన కల్పించిన ఒక్కో కవి: కయెయిరు, రికార్దు రెయిష్, ఆల్వరు ద్ కాంపుష్. వేర్వేరు జాతకాలు, వేర్వేరు శైలులు. 'పెసోవా' అంటే మనిషి అని అర్థం, దాని లాటిను మూలానికి నటుడి ముసుగనీ అర్థం. ఆయన పోయాక పెద్ద పెట్టెలో పాతికవేలకు పైగా కాగితాలు దొరికాయి. వాటిలోంచి కూర్చిన 'అశాంతి పుస్తకం' అచ్చులోకి వచ్చేసరికి 1982.

అసలైన హోటలు గది దక్కింది రెయిష్‌కి. పోర్చుగీసు నవలాకారుడు జుజె సరమాగు 1984 నాటి తన నవలలో అతణ్ణి బ్రెజిల్ నుంచి రప్పించి బ్రగాంసా హోటల్లో 201వ నంబరు గది ఇప్పించాడు. పుట్టని మనిషి అక్కడ అద్దె కట్టి ఉంటాడు. అతణ్ణి పుట్టించిన పెసోవా అప్పటికే చనిపోయి, పద్దులో పేరు రాయించకుండానే లోపలికొచ్చి కూర్చుంటాడు.