సరిహద్దులు దాటిన చిక్కుడు గింజ

భద్రాచలము వద్ద గోదావరి వంతెనమీద నిలిచి చూచినవారికి ఇరుదరులును ఒకే సీమగా కన్పించును. కాని ఈ నది చాలకాలము రెండు ప్రభుత్వములను విడదీసిన గీత. 1860లో నైజాము ఎడమగట్టు తాలూకాలను బ్రిటిషువారికి అప్పగించెను. భద్రాచలము, రేకపల్లి తాలూకాలు కొంతకాలము మధ్యపరగణాల క్రింద ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినవి. కుడిగట్టున పాల్వంచ హైదరాబాదు రాజ్యముననే మిగిలినది. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడినది. 1959లో భద్రాచలము అందు కలిసినది. 2014లో భద్రాచలము పట్టణము తెలంగాణమునందు నిలువగా, చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. కుంట వైపు పోయినచో ఛత్తీస్‌గఢ్, మోటు వైపు పోయినచో ఒడిశా. పటము ఇన్నిమార్లు మారినను, కోయల, కొండరెడ్ల పెరళ్లలోని చిక్కుడుపాదు ఏ తహసీలుదారు అనుమతియు కోరలేదు.

ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1941లో ఈ కొండరెడ్ల నడుమ పరిశోధన చేసి, 1945లో వారిని గూర్చి గ్రంథము ప్రకటించెను. వారి పోడుచేనిలో ఒక్క పంట ఉండదు. జొన్న, సామల నడుమ కందియు, చిక్కుడును, గుమ్మడియు కలసి పెరుగును. ఒకటి ఎండినను వేరొకటి కడుపు నింపును. ఇట్టి సేద్యమునకు పలువిధముల విత్తనములు కావలెను. అవి సంతలోనో చుట్టరికములోనో చేతులు మారును. కోయలకు విత్తనములకే ఒక పండుగ కలదు. దానిని విజ్జ పండుము అందురు.

ఈ ‘నాటు’ కూరగాయలన్నియు ఇక్కడ పుట్టినవే యనుకొనుట పొరపాటు. వంకాయ మనదే, కాని సొర, చిక్కుడుల పూర్వులు ఆఫ్రికావి. గుమ్మడి, మిరప అమెరికా ఖండమువి. మిరప పోర్చుగీసువారి ఓడలలో పదునారవ శతాబ్దమున మన తీరము చేరినది. నేడు ఖమ్మము మార్కెట్టుకు పేరు తెచ్చిన పంట ఒకనాటి పరదేశియే!

విత్తనము చేతులు మారినపుడు దాని గుణము నిలుచునా? ఇచ్చట చిక్కుడునకును గుమ్మడికిని చాల భేదము కలదు. చిక్కుడు పువ్వు చాలవరకు తన పుప్పొడితోనే ఫలించును. కావున అవ్వ ఇచ్చిన గింజ మనుమరాలి పెరటిలోను ఇంచుమించు ఆ కాయనే కాయును. గుమ్మడిలో ఆడ, మగ పూవులు వేరు. తేనెటీగ పొరుగు పాదు పుప్పొడి తెచ్చినచో ఈ యేటి కాయ మారదు గాని, అందలి గింజనుండి వచ్చు ఏటి పాదు మారును. జాతి నిలుపదలచినవారు విచ్చబోవు ఆడమొగ్గను, మగమొగ్గను ముందునాటి సాయంకాలమే దారముతో కట్టి, తెల్లవారిన పిమ్మట చేతితో పుప్పొడి అద్ది మరల కట్టవలెను. బీర, సొర పూవులు సాయంకాలము విచ్చును. కావున వాని వేళ వేరు.

ఇంకొక చిక్కు. నాటు చిక్కుడు పొద్దు తగ్గినగాని పూయదు. వేసవిలో నాటి, తీగ ఏపుగా అల్లుకొనియు పూత రాలేదని విత్తనమిచ్చినవారిని నిందించువారున్నారు. తప్పు గింజది కాదు, పంచాంగము చూడనివారిది. బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క జయ్ వంటి పొట్టి రకములకు ఈ నియమము లేదు.

గింజలను పొయ్యిపై వ్రేలాడగట్టుటయు, బూడిదలో కలిపి ఎండిన సొరబుర్రలో దాచుటయు పాత పద్ధతులు. పొగవేడి తేమను తీయును. బూడిద పురుగు చర్మముపైని మైనపుపొరను గీరి దానిని ఎండగట్టును. సాధారణముగా గింజలో తేమ నూటికి ఒక వంతు తగ్గినచో దాని ఆయువు ఇంచుమించు రెట్టింపగునని విత్తనశాస్త్రజ్ఞుల లెక్క.

అయితే వరదకు బూడిద అడ్డు కాదు. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు లేచినది. ఇల్లు మునిగిన కుటుంబమునకు, తానెన్నడో మెట్టనున్న బంధువునకు ఇచ్చిన దోసెడు గింజలే విత్తనపు గాదె. పోలవరము జలాశయము వలన ఊళ్లు కదలుచున్న ఈ కాలమున ఆ చుట్టరికములే చెదరుచున్నవి. కొత్త కాలనీలో ఇల్లుండును. పాదు పెట్టుటకు పెరడుండునో లేదో!

2005 తరువాత బస్తరులోని హింసకు వెరచి వచ్చిన గొత్తికోయలు ఈ అడవులలో గుడిసెలు వేసికొనిరి. వారు దాటినది రాష్ట్రపు సరిహద్దు మాత్రమే. దేశములోపల విత్తనమునకు అడ్డు లేదు: 2001నాటి చట్టములోని 39వ సెక్షను రైతు తన విత్తనమును దాచుకొనుటకు, మార్చుకొనుటకు, బ్రాండు పేరు పెట్టకుండ అమ్ముకొనుటకును హక్కునిచ్చినది.

దేశపు పొలిమేర దాటినపుడు మాత్రము సంగతి వేరు. అమెరికాలోని కూతురికి తల్లి పెట్టెలో మూటగట్టిన చిక్కుడు గింజలకు ఆరోగ్య ధ్రువపత్రము కావలెను. అటునుండి ఇటు వచ్చు విత్తనమునకును 2003నాటి దిగుమతి ఉత్తరువు ప్రకారము పరీక్ష తప్పదు. ఇది గుమాస్తాల చాదస్తము కాదు. అలసందలోను, బీన్సులోను మొజాయిక్ తెగులు కలిగించు ఒక వైరసు గింజలోపలనే దాగి ప్రయాణము చేయును. అట్టి గింజ నున్నగా, నిండుగానే ఉండవచ్చును. మొలకెత్తి, ఆకుపై పసుపుపచ్చని మచ్చలు కన్పించువరకు కంటితో చూచి ఎవరును కనిపెట్టలేరు.